బీట్‌రూట్ సీసాలకు మూతలు బిగించిన స్ట్రైకర్

మా హాస్టల్ రూమ్‌లో గోడ మీద రెండే పోస్టర్లు ఉండేవి. ఒకటి పవన్ కల్యాణ్‌ది, అది నాది. రెండోది లివర్‌పూల్ టీమ్‌ది, అది మా రూమ్మేట్‌ది. వాడిది ఖమ్మం. లివర్‌పూల్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించమంటే రెండు నిమిషాలు వెతుక్కునేవాడు గానీ, ఆ క్లబ్ ఓడిపోయిన రోజు మాత్రం మెస్‌కి కూడా వచ్చేవాడు కాదు.

2014 జూన్‌లో ఒకరోజు వాడు ఫోన్ పట్టుకుని తెగ చిరాకుపడుతున్నాడు. "మామా, మావోళ్లు ఎవర్ని కొన్నారో చూడు. ముప్పై రెండేళ్లోడంట. చూస్తే బస్సు కండక్టర్‌లా ఉన్నాడు."

ఫొటోలో ఆరడుగుల రెండంగుళాల మనిషి. వెడల్పాటి భుజాలు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. నవ్వు మాత్రం చిన్నపిల్లాడిది. చేతిలో ఎర్ర స్కార్ఫ్. పేరు రికీ లాంబర్ట్.

నాకు ఆ పేరు ముందే తెలుసు. అంతకు ముందు ఏడాది ఇంటర్ అయిపోయి, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలవుతుందా అని ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో, ఆగస్టు 15 పొద్దున యూట్యూబ్‌లో ఒక గోల్ చూశాను. బయట స్కూల్లో జెండా పాటలు వినబడుతున్నాయి. ఫోన్‌లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్ మ్యాచ్ హైలైట్స్. స్కోరు 2-2. 31 ఏళ్ల ఒకాయన జీవితంలో మొదటిసారి ఇంగ్లాండ్ జెర్సీ వేసుకుని సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలోకి వచ్చాడు. మూడు నిమిషాలకే కార్నర్ వచ్చింది. లేటన్ బెయిన్స్ బంతిని లోపలికి వేశాడు. ఈయన లేచాడు, తలతో కొట్టాడు, గోల్. వెంబ్లీ ఊగిపోయింది. ఇంగ్లాండ్ 3-2తో గెలిచింది. ఆయన టీమ్‌కి ఎంపికైన కబురు వచ్చిన రోజే ఇంట్లో కూతురు పుట్టిందట. ఒక్క వారంలో మనిషికి ఎన్ని ఇవ్వాలో అన్నీ ఇచ్చేశాడు దేవుడు.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆ గోల్ గురించి కాదు, దానికి ముందు పదమూడేళ్లు, దాని తర్వాత ఒక్క ఏడాది గురించి. ఈ మధ్య ఆ ఒక్క ఏడాది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

లాంబర్ట్ 1982లో కిర్క్‌బీలో పుట్టాడు. లివర్‌పూల్ పక్కనే ఉండే ఊరు. కార్మిక కుటుంబాల ఊరు. అక్కడ పిల్లలకి ఫుట్‌బాల్ అంటే మన దగ్గర గల్లీ క్రికెట్ లాంటిది, ఎవరూ నేర్పక్కర్లేదు. పదేళ్లప్పుడు లివర్‌పూల్ క్లబ్ వాళ్లు పిల్లల బ్యాచ్‌లో తీసుకున్నారు. ఐదేళ్లు ఆడాడు. పదిహేనేళ్లప్పుడు ఇక చాలు వెళ్లు అన్నారు. ఇంటి నుంచి చూస్తే కనబడేంత దగ్గర్లో ఉన్న కల అక్కడితో ఆగిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అలాగ.

తర్వాత బ్లాక్‌పూల్ అనే సముద్రతీరపు ఊరి క్లబ్‌లో చేరాడు. మొత్తం మూడంటే మూడు లీగ్ మ్యాచ్‌లు ఆడించారు. మేనేజర్ మారాడు. కొత్త మేనేజర్‌కి ఈ కుర్రాడు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. రివ్యూ ఇవ్వాల్సిన మేనేజర్ మారిపోతే మన ఏడాది కష్టం ఎటు పోతుందో మనకు తెలుసు.

అప్పుడు వచ్చింది బీట్‌రూట్. ఇంగ్లాండ్‌లో బీట్‌రూట్‌ని వెనిగర్‌లో ఊరబెట్టి సీసాల్లో అమ్ముతారు. మనకు ఆవకాయ ఎలాగో వాళ్లకి అదో నిల్వ సరుకు (ఆవకాయతో పోల్చినందుకు మా అమ్మ క్షమించాలి). మాక్లెస్‌ఫీల్డ్ అనే చిన్న క్లబ్‌తో జీతం లేకుండా ప్రాక్టీస్ చేస్తూ, చేతిఖర్చుకి లాంబర్ట్ ఒక బీట్‌రూట్ ఫ్యాక్టరీలో చేరాడు. పని సీసాలకు మూతలు బిగించడం. రోజుకు 20 పౌండ్లు. వయసు పంతొమ్మిది దగ్గర.

ఇంటర్నెట్‌లో ఈ ఫ్యాక్టరీ కథని మోటివేషన్ రీల్స్‌గా చేసి వాడేసుకుంటారు. కింద పెద్ద మ్యూజిక్, ఒక సింహం బొమ్మ. నాకు వాటి మీద ఒకటే కంప్లయింట్. వాళ్లు ఫ్యాక్టరీ నుంచి వెంబ్లీకి ఒక్క కట్‌లో వెళ్లిపోతారు. మధ్యలో పన్నెండేళ్లున్నాయి. ఆ పన్నెండేళ్లే అసలు కథ.

ఇంగ్లాండ్ లీగుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచినా వచ్చే ఏడాది అదే ఐపీఎల్‌లో ఆడతారు. అక్కడ అలా కాదు. పైన ప్రీమియర్ లీగ్, దాని కింద ఛాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, ఆ కింద లీగ్ టూ. ఓడితే కింది మెట్టుకి దిగాలి, గెలిస్తే పై మెట్టుకి ఎక్కుతారు. లాంబర్ట్ మొదటి పదేళ్లూ కింది మెట్ల మీదే తిరిగాడు.

మాక్లెస్‌ఫీల్డ్‌లో ఒక సీజన్ బాగా ఆడితే స్టాక్‌పోర్ట్ 3 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. అక్కడ దాదాపు వంద లీగ్ మ్యాచ్‌లాడి 18 గోల్సే కొట్టాడు. స్ట్రైకర్‌కి అది పాస్ మార్కు కూడా కాదు. 2005లో రోచ్‌డేల్‌కి వెళ్లాడు. అప్పట్లో అది నాలుగో మెట్టు. అక్కడ తొలిసారి ఎవరో ఆయన్ని సరిగ్గా వాడుకున్నారు. 2005-06లో 22 లీగ్ గోల్స్. అదే టీమ్‌లో ఆయన పక్కన ఆడిన ఇంకో భారీ స్ట్రైకర్ పేరు గ్రాంట్ హోల్ట్. వీళ్లిద్దరూ తర్వాత ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో సీజన్‌లో చెరో 15 గోల్స్ కొట్టారు. నాలుగో మెట్టు మీద ఒకే టీమ్‌లో ఉన్న ఆ ఇద్దర్నీ పైమెట్టు మీదున్న క్లబ్బులేవీ పట్టించుకోలేదంటే, స్కౌట్లనే ఉద్యోగం చేసేవాళ్లు అప్పట్లో ఏం చూసేవారో నాకర్థం కాదు.

అర్థం కాదన్నాను గానీ కొంచెం అర్థమవుతుంది. వాళ్లు ఒళ్లు చూసేవారు.

ఇంగ్లాండ్‌లో భారీ స్ట్రైకర్ అంటే ఒక ముద్ర ఉంది. వెనక నుంచి గోల్‌కీపర్ బంతిని ఎత్తి కొడతాడు. వీడు డిఫెండర్ని భుజంతో ఆపి, తలతో కిందకి దించాలి. మోచేతులు, తోపులాట, పడిపోవడం, లేవడం. ఏనుగుని పెట్టుకున్నది దుంగలు మోయడానికే అన్నట్టు. ఏనుగుకి ఇంకేమైనా వచ్చా అని ఎవరూ అడగరు.

లాంబర్ట్‌కి దుంగలు మోయడం వచ్చు. డిఫెండర్‌కి వీపు ఆనించి బంతిని కాపాడుకోవడంలో ఆయనకి సాటి తక్కువ. కానీ ఆ పెద్ద ఒంటి చివర ఉన్న పాదాలు మాత్రం వేరే మనిషివి. ఫ్రీకిక్ తీసుకుంటే గోడ మీదుగా వంగి మూలకి వెళ్లేది. పెనాల్టీ బాక్స్ నుంచి వెనక్కి వచ్చి, మైదానం ఆ చివర పరిగెత్తుతున్నవాడి అడుగు ముందు పడేలా బంతి పంపేవాడు. అది పదో నంబర్ ఆటగాడి పని. ఆ పని ఆయన తొమ్మిదో నంబర్ ఒంటితో చేసేవాడు. చూసేవాళ్లకి ఒళ్లు ముందు కనబడేది, పాదాలు కనబడటానికి టైమ్ పట్టేది.

2006లో బ్రిస్టల్ రోవర్స్ 2 లక్షల పౌండ్లకు కొన్నది. అక్కడ పెరుగుతూ పోయాడు. 2008 ఫిబ్రవరిలో ఎఫ్‌ఏ కప్‌లో సౌతాంప్టన్ అనే పై లీగ్ టీమ్ వాళ్ల ఊరొచ్చింది. చివరి నిమిషాల్లో ఫ్రీకిక్. లాంబర్ట్ కొట్టాడు, 1-0, సౌతాంప్టన్ ఇంటికి. మరుసటి సీజన్ 2008-09లో లీగ్ వన్‌లో ఏకంగా 29 గోల్స్. తమని ఓడించినవాడిని మర్చిపోలేదో, ఆ 29 చూశారో గానీ, 2009 ఆగస్టులో సౌతాంప్టనే పది లక్షల పౌండ్లకు పైగా పెట్టి తీసుకెళ్లింది.

అప్పటికి సౌతాంప్టన్ పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. అప్పుల్లో మునిగి, లీగ్ వన్‌కి జారిపోయి, శిక్షగా పది పాయింట్లు కోల్పోయి, సీజన్ని మైనస్ పది నుంచి మొదలుపెట్టిన క్లబ్ అది. మార్కస్ లీబర్ అనే వ్యాపారవేత్త కొనకపోతే మూతపడేదే. మేనేజర్ అలన్ పార్డ్యూ. ఆయన లాంబర్ట్‌కి మొహం మీదే చెప్పేశాడు: నీ ఒంట్లో కొవ్వు ఎక్కువుంది, ఇలాగైతే కుదరదు అని. అప్పుడు లాంబర్ట్‌కి 27 ఏళ్లు. అప్పటికి పదేళ్లుగా ప్రొఫెషనల్. ఎవరూ ఆ మాట చెప్పలేదా, చెప్పినా వినలేదా? బహుశా రెండూనేమో. కింది మెట్ల మీద ఉన్న ఒంటితోనే 29 గోల్స్ వస్తుంటే, మారమని ఎవరు చెప్తారు, ఎందుకు చెప్తారు?

తగ్గాడు. ఆ తర్వాతి ఐదేళ్లు చదువుతుంటే ఎవరో వీడియో గేమ్‌లో చీట్ కోడ్ కొట్టినట్టుంటుంది. మొదటి సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 30కి పైగా గోల్స్, వెంబ్లీలో ఒక ట్రోఫీ. 2011లో ఒక మెట్టు పైకి. 2011-12లో ఛాంపియన్‌షిప్‌లో 27 గోల్స్‌తో టాప్ స్కోరర్, ఇంకో మెట్టు పైకి. ప్రీమియర్ లీగ్ వచ్చేసింది. మొదటి మ్యాచ్ ఛాంపియన్ మాంచెస్టర్ సిటీతో, వాళ్ల ఇంట్లో. మేనేజర్ నైజెల్ అడ్కిన్స్ ఆయన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు. రెండో సగంలో దింపాడు. దిగిన కాసేపటికే గోల్. ఆ మ్యాచ్ 3-2తో ఓడారు గానీ, బీట్‌రూట్ మనిషికి 30 ఏళ్ల వయసులో ప్రీమియర్ లీగ్ ఖాతా తెరుచుకుంది. ఆ సీజన్ 38 మ్యాచ్‌ల్లోనూ దిగాడు, 15 గోల్స్ కొట్టాడు. ఆ ఏడాది లీగ్‌లో ఆయన కంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఇంగ్లాండ్ ఆటగాడు లేడు.

మధ్యలో మేనేజర్ మళ్లీ మారాడు. పోచెటినో వచ్చాడు. ఆయన ఆటంతా పరుగే, ఎదుటివాడి కాళ్ల దగ్గరే బంతి లాక్కోవాలి. ఇక ఈ పెద్దాయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కాలేదు. తర్వాతి సీజన్‌లో 13 లీగ్ గోల్స్. చుట్టూ ఆడమ్ లల్లానా, జే రోడ్రిగెజ్ లాంటి కుర్రాళ్లు పరిగెత్తేవారు. వాళ్లకి బంతి అందించే చెయ్యి, క్షమించాలి, కాలు ఈయనది. టీమ్ మొత్తం ఆయన చుట్టూ అల్లుకుని ఉండేది. ఆయన ఎక్కడ ఆగుతాడో, బంతి ఎటు వదులుతాడో పదిమందికీ తెలుసు.

సౌతాంప్టన్ తరఫున మొత్తం లెక్క: 235 మ్యాచ్‌లు, 117 గోల్స్. ఇంకో లెక్క నాకు అంతకన్నా ఇష్టం. ఆ క్లబ్‌కి 34 పెనాల్టీలు తీసుకున్నాడు. 34 గోల్స్. ఒక్కటీ పోలేదు. మా టీమ్‌లో ప్రొడక్షన్ రిలీజ్ చేసే ప్రతిసారీ నాకు ఈ నంబర్ గుర్తొస్తుంది. 34కి 34 అంటే ఏంటో రాత్రి పదకొండుకి రిలీజ్ బటన్ నొక్కినవాళ్లకి తెలుస్తుంది.

2014లో ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ రెండో స్థానంలో నిలిచింది. సువారెజ్, స్టరిడ్జ్ కలిసి లీగ్‌లోనే 52 గోల్స్ కొట్టిన సీజన్ అది. అప్పుడొచ్చింది ఫోన్. పదిహేనేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు వెళ్లిపొమ్మన్న క్లబ్ ఇప్పుడు 40 లక్షల పౌండ్లిచ్చి రమ్మంటోంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

2017లో మా కాలేజీకి ఒక పెద్ద కంపెనీ వచ్చింది. పేరు వద్దు. రాత పరీక్ష, రెండు టెక్నికల్ రౌండ్లు దాటాను. చివర్లో హెచ్ఆర్ రౌండ్ తర్వాత లిస్టులో నా పేరు లేదు. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తుంది, రాయను. తర్వాత హైదరాబాద్‌లో నలభై మంది ఉండే చిన్న కంపెనీలో చేరాను. గోడౌన్‌లలో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. ఇప్పుడు నాకు 28. సిస్టమ్ నెమ్మదించిందంటే మా ఆఫీసులో ముందు నా సీటు దగ్గరికే వస్తారు. పెద్ద పేరేం కాదు గానీ, నేను ఎక్కడ ఆగుతానో, ఏం వదులుతానో ఆ నలభై మందికీ తెలుసు.

పోయిన నెల అదే పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు. అమ్మ అప్పుడే పక్కింటి పిన్నిగారికి చెప్పేసింది. నేను ఒకటే ప్రశ్న అడిగాను: ఏ టీమ్, ఏ పని? జవాబు మర్యాదగానే వచ్చింది. చేరాక నిర్ణయిస్తాం, అప్పటిదాకా బెంచ్. ఐటీలో బెంచ్ అంటే మీకు తెలిసే ఉంటుంది. జీతం వస్తుంది, పని ఉండదు, రోజూ కార్డు గీకి లోపలికి వెళ్లి కాఫీ తాగి రావడం. ఫుట్‌బాల్‌లోనూ దాన్ని బెంచ్ అనే అంటారు.

లాంబర్ట్ రెండో ఆలోచన లేకుండా వెళ్లాడు. ఎవరైనా వెళ్తారు. చిన్నప్పుడు అభిమానించిన క్లబ్, పుట్టిన ఊరు. వెళ్లిన నెలకే సువారెజ్‌ని బార్సిలోనాకి అమ్మేశారు. స్టరిడ్జ్‌కి గాయాలు. ఇద్దరు గొప్ప స్ట్రైకర్లకి అండగా, అవసరమైనప్పుడు దిగే మూడోవాడిగా రమ్మన్న మనిషి ముందు ఇప్పుడు వేరే టీమ్ ఉంది. ఆగస్టులో బలోటెల్లిని కూడా తెచ్చారు. పైగా వరల్డ్ కప్ అయ్యాక ఒంటికి విశ్రాంతి ఇవ్వకుండా అతిగా ప్రాక్టీస్ చేశానని, అదే దెబ్బకొట్టిందని తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. పాతికేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగంలో మొదటి రోజే మెప్పించాలని రాత్రిళ్లు మేలుకుని చదువుకుని, పొద్దున ఆఫీసులో నిద్రపోయినట్టు.

సౌతాంప్టన్‌లో బంతి ఆయన దగ్గరికి వచ్చేది. లివర్‌పూల్‌లో ఆయనే బంతి కోసం వెతుక్కున్నాడు. ఆ ఏడాది మా రూమ్‌లో చూసిన మ్యాచ్‌ల్లో నాకు గుర్తున్నది ఎక్కువగా టచ్‌లైన్ పక్కన వామప్ చేస్తున్న లాంబర్టే. ట్రాక్‌సూట్ వేసుకుని అటూ ఇటూ పరిగెడుతుంటాడు. మా రూమ్మేట్ "దింపు దింపు" అని లాప్‌టాప్‌ని బతిమాలుతుంటాడు. ఎనభయ్యో నిమిషంలో దింపుతారు. జనం మాత్రం ఆయన్ని ప్రేమించారు, అది ఒప్పుకోవాలి. తమలాంటివాడే మైదానంలో ఉన్నాడని వాళ్లకి తెలుసు.

మొత్తం 36 మ్యాచ్‌లు, ఎక్కువ భాగం సబ్‌గానే. మూడు గోల్స్. మధ్యలో వేరే క్లబ్‌కి వెళ్లే దారి దొరికినా కదల్లేదు. 2015 వేసవిలో వెస్ట్ బ్రోమ్‌కి అమ్మారు. అక్కడ ఒక్క లీగ్ గోల్. తర్వాత కార్డిఫ్, కాసిన్ని గోల్స్. 2017లో రిటైరయ్యాడు. ఇంగ్లాండ్ తరఫున 11 మ్యాచ్‌లు, 3 గోల్స్. సౌతాంప్టన్ వదిలాక మళ్లీ ఎక్కడా ఆయన చుట్టూ టీమ్ అల్లుకోలేదు. 32 దాటాక ఎలాగూ తగ్గేవాడే అంటారు కొందరు. కావచ్చు. కానీ అంతకు ముందు సీజన్‌లో తగ్గిన జాడ ఒక్కటీ లేదు.

అయితే ఆ మూడు గోల్స్‌లో ఒకటుంది. 2014 నవంబర్ 23, క్రిస్టల్ ప్యాలెస్ మైదానం. లండన్‌లో మ్యాచ్. ఆ రోజు మొదటి పదకొండులో లాంబర్ట్ పేరుంది. ఆట మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. వెనక నుంచి లల్లానా బంతిని డిఫెండర్ల తల మీదుగా వేశాడు. అదే లల్లానా, సౌతాంప్టన్ నుంచి ఆ ఏడాదే లివర్‌పూల్ వచ్చినవాడు. ఎక్కడ వేయాలో వాడికి తెలుసు, ఎక్కడ పడుతుందో ఈయనకి తెలుసు. ఛాతీ దగ్గరికి వచ్చిన బంతిని అదుపు చేసుకుని కీపర్ పక్కనుంచి మూలకి. లివర్‌పూల్ తరఫున మొదటి గోల్. 32 ఏళ్ల మనిషి ఎర్ర జెర్సీలో అరుస్తూ పరిగెత్తాడు. మా రూమ్మేట్ మంచం మీద నుంచి దూకి నా కాలు తొక్కాడు.

ఆ తర్వాత ప్యాలెస్ మూడు కొట్టింది. 3-1.

ఆఫర్‌కి శుక్రవారంలోగా జవాబివ్వాలి. మా రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో అడిగాడు, "మామా, వెళ్తున్నావా లేదా?" నేను జవాబు రాయలేదు. ఆ గోల్ క్లిప్ వెతికి పంపాను.

చూసినట్టు రెండు బ్లూ టిక్‌లు పడ్డాయి. కాసేపటికి వచ్చింది.

"ఈ మ్యాచ్ ఓడిపోయాం కదరా."

"ఓడిపోయాం," అని టైప్ చేశాను. "మళ్లీ ఒకసారి చూడు. పాస్ ఎవరిచ్చారో చూడు."